సంస్కృతమున తొలి మాటలు, తొలి వాక్యములు

(మన సంఘ భవనమున సాయంకాలపు సంస్కృత తరగతి నారంభించిన దినమున చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతి నారంభించుటకు పండితుని బిలువక మమ్ము బిలిచిన సభవారికి కృతజ్ఞులము. మేము మెట్రిక్యులేషను వఱకు చదివి త్రాసు పట్టినవారము. వ్యాకరణశాస్త్రము మా సొత్తు గాదు. కాని అంగడిలో గూర్చుండువానికి ఒక గుణ మలవడును: కొట్టులో నేమి సరకున్నదో చూచుకొనక క్రొత్త సరకు తెప్పించడు. సంస్కృత విషయమునను ఆ పనియే చేయదలచినాము. మన యిండ్లలో నిదివఱకే యున్న సంస్కృత మెంతయో లెక్క చూచి, పిమ్మట క్రొత్తగా తెచ్చుకొనవలసిన దెంతయో చెప్పుదుము.

ఈ తరగతి పెట్టవలెనా వలదా యని కార్యవర్గమున చాల చర్చ జరిగినది. “తెలుగే చేజారిపోవుచుండగా సంస్కృత మెందుకు?” అని కొందఱు పెద్దలడిగిరి. “బడిలో తమిళము, ఇంగ్లీషు తప్పవు. పసివాండ్ర నెత్తిన మఱియొక బరువా?” అని కొందఱు తల్లులడిగిరి. రెండును న్యాయమైన ప్రశ్నలే. వానికి సమాధానము మాటలతో గాక పాఠముతో చెప్పుట మేలని తోచినది. కావున ముందు పాఠము, పిదప సమాధానము.

ఇంటనున్న వాక్యములు

మన శుభలేఖల తలమీద “శుభమస్తు” అని యచ్చు వేయింతుము. అది యొక మాట యని పిల్లలనుకొందురు. అది రెండు మాటల వాక్యము: శుభమ్ అస్తు. శుభము కలుగుగాక యని యర్థము. “తథాస్తు” అనగా తథా అస్తు, అట్లే యగుగాక. లెక్కలో నేమియు మిగులనప్పుడు “నాస్తి” యందుము. అది న అస్తి, లేదు. అస్తి యనగా ఉన్నది. ఉన్నదనువాడు ఆస్తికుడు, లేదనువాడు నాస్తికుడు.

ఎదురైనవారికి “నమస్తే” యనుచున్నాము. అది నమః తే, నీకు నమస్కారము. పూజలో “శ్రీరామాయ నమః” అని పువ్వు వేయుచున్నాము. రామాయ యనగా రాముని కొఱకు, రామునికి. పెద్దలు “ఆయుష్మాన్ భవ” యని దీవింతురు. భవ యనగా కమ్ము, ఆయుష్మాన్ అనగా ఆయువు కలవాడు. ఆడుపిల్లను “సుమంగళీ భవ” యందురు.

చూచితిరా? అస్తి, అస్తు, భవ యను క్రియలు, న యను నిషేధము, తే యను సర్వనామము, రామాయ యను చతుర్థీ విభక్తి, ఇవన్నియు అక్షరజ్ఞానము లేని అవ్వలకు సయితము నోట నున్నవి. పిల్లవానికి మొదటి దినమున చెప్పవలసినది క్రొత్తమాట కాదు, తన నోటనున్న మాటను విడదీసి చూచుకొనుట.

నామములను మార్చుకొను విధము

తెలుగున గల తత్సమములు సంస్కృతమునుండి చిన్న మార్పుతో వచ్చినవి. ఆ మార్పును వెనుకకు త్రిప్పిన సంస్కృతరూపము లభించును. రాముడు, శిష్యుడు, బాలకుడు: డు తీసివేసి విసర్గ చేర్చిన రామః, శిష్యః, బాలకః. గురువు, కవి, భూమి: గురుః, కవిః, భూమిః. లత, మాల, విద్య: చివర దీర్ఘమిచ్చిన లతా, మాలా, విద్యా. నది దీర్ఘముతో నదీ.

ఇక ము తో ముగియు మాటలకడ జాగ్రత్త వలయును. ఫలము, పుస్తకము, వనము: ఫలమ్, పుస్తకమ్, వనమ్. కాని వృక్షము, దీపము అనునవి వృక్షః, దీపః. ఏల? తెలుగున లింగము అర్థమునుబట్టి వచ్చును. మగవాడైన ఒక తీరు, కడమవన్నియు వేఱొక తీరు. సంస్కృతమున లింగము మాటనుబట్టి వచ్చును. చెట్టు పుంలింగము, పండు నపుంసకము, ఏఱు స్త్రీలింగము. భార్య యనుటకు భార్యా యన్న స్త్రీలింగము, కలత్రమ్ అన్న నపుంసకము, దారాః అన్న పుంలింగమే గాక బహువచనము కూడ. మిత్రమ్ అని నపుంసకమున జెప్పిన స్నేహితుడు, మిత్రః అని పుంలింగమున జెప్పిన సూర్యుడు.

దీనికి ఉపాయ మొక్కటియే. ప్రతి మాటను దాని సర్వనామముతో గూడ నేర్చుకొనవలెను. సః వృక్షః, ఆ చెట్టు. సా నదీ, ఆ యేఱు. తత్ ఫలమ్, ఆ పండు. దగ్గఱి వస్తువునకు ఏషః, ఏషా, ఏతత్. సంధులు పై తరగతిలో నేర్చుకొనవచ్చును గనుక ఈ పాఠములలో మాటలను విడివిడిగనే వ్రాయుదము.

ఏషః బాలకః. ఇతడు బాలుడు.
ఏషా బాలికా. ఈమె బాలిక.
ఏతత్ పుస్తకమ్. ఇది పుస్తకము.
సః కః? అతడెవడు? సా కా? ఆమె యెవతె? తత్ కిమ్? అది యేమి?
తవ నామ కిమ్? నీ పేరేమి? మమ నామ గోపాలః. నా పేరు గోపాలుడు.

వీనిలో నొక సుఖము గమనింపుడు. “ఇది పుస్తకము” అని మనము క్రియ లేకయే వాక్యము ముగింతుము. సంస్కృతమునను అట్లే. ఇంగ్లీషున క్రియ తప్పక వలయును, హిందీలోను వలయును. మన పిల్లవానికి సంస్కృతమున నీ చిక్కు లేదు.

పెద్దలతో మాటలాడునప్పుడు త్వమ్, తవ యనరాదు. త్వమ్ అనగా నీవు. పురుషుని భవాన్ అని, స్త్రీని భవతీ యని సంబోధింపవలెను. అది మన “తమరు” వంటిది. దానితో చేరు క్రియ ప్రథమపురుషలో నుండును. త్వం కుత్ర గచ్ఛసి? నీవెక్కడికి పోవుచున్నావు? భవాన్ కుత్ర గచ్ఛతి? తమరెక్కడికి వెళ్లుచున్నారు? బాబాయిగారిని త్వమ్ అన్న పిల్లవాని వ్యాకరణము సరియైనను మర్యాద సరికాదు.

క్రియలు

క్రియలకు మూడు పురుషలు, మూడు వచనములు. ఒకరికి ఏకవచనము, ఇద్దఱికి ద్వివచనము, మువ్వురు మొదలు బహువచనము.

బాలకః పఠతి. బాలకౌ పఠతః. బాలకాః పఠన్తి.
త్వం పఠసి. యువాం పఠథః. యూయం పఠథ.
అహం పఠామి. ఆవాం పఠావః. వయం పఠామః.

ఈ తొమ్మిది వాక్యములు కంఠస్థమైన, ఈ తీరున నడచు వందల క్రియలు వశమగును. గచ్ఛతి పోవుచున్నాడు, ఆగచ్ఛతి వచ్చుచున్నాడు, లిఖతి వ్రాయుచున్నాడు, వదతి పలుకుచున్నాడు, పశ్యతి చూచుచున్నాడు, ఖాదతి తినుచున్నాడు, పిబతి త్రాగుచున్నాడు, పచతి వండుచున్నాడు, పృచ్ఛతి అడుగుచున్నాడు, నమతి నమస్కరించుచున్నాడు, స్మరతి తలచుచున్నాడు, తిష్ఠతి నిలుచుచున్నాడు.

ఇవి కఠినములుగ దోచునా? ప్రతిదానికిని తెలుగున చుట్టములున్నవి. పఠతి యన్న పాఠము, పఠనము. లిఖతి యన్న లేఖ, లేఖకుడు. వదతి యన్న వాదము, వివాదము. పచతి యన్న పాకము. స్మరతి యన్న స్మరణ. గచ్ఛతి యన్న గమనము, గతి. పృచ్ఛతి యన్న పృచ్ఛకుడు: అవధానమున ప్రశ్న వేయువానిని మనము పిలుచు పేరదియే. తెలుగు మాట తెలిసిన పిల్లవాడు సంస్కృత క్రియను సగము తెలిసినవాడే.

మఱికొన్ని పోలికలును భేదములును కలవు. చదువుచున్నాను అన్న నేను అని వేఱుగ జెప్పనక్కఱలేదు. పఠామి యన్నను అంతే, అహమ్ అనకున్నను తెలియును. తెలుగున చదువుచున్నాడు, చదువుచున్నది యని మగవానికి ఆడుదానికి క్రియ మాఱును. సంస్కృతమున బాలకః పఠతి, బాలికా పఠతి, రెంటికి నొకటే. లేదనుటకు మనము పోను, పోవు, పోడు అని రూపములు మార్తుము. సంస్కృతమున న చేర్చిన చాలును: న గచ్ఛామి, న గచ్ఛసి, న గచ్ఛతి.

ఒక్కచోట మన భాషయే మిక్కిలి నేర్పు గలది. ఎదుటివానిని గలుపుకొన్న మనము, వానిని విడిచిన మేము అని మనకు రెండు మాటలున్నవి. తమిళమునను ఈ భేద మున్నది. సంస్కృతమున రెంటికిని వయమ్ ఒకటే. మాఱుగ, ఇద్దఱికి మాత్రము చెప్పు ఆవామ్ మనకు లేదు. ఒక భాష మఱియొకదానికంటె నెక్కువ తక్కువలని తీర్పు చెప్పుట కంటె, ఏ భాష దేనిని విడదీసి చూపుచున్నదో తెలిసికొనుట బుద్ధిమంతుల పని.

విభక్తులు

మన తెలుగు వ్యాకరణములు ప్రథమ, ద్వితీయ యను విభక్తుల పేళ్లను సంస్కృతమునుండియే గ్రహించినవి. చెన్నపట్టణమున పరవస్తు చిన్నయసూరిగారు 1858లో వెలువరించిన బాలవ్యాకరణమునను ఆ పేళ్లే యున్నవి. డు, ము, వు, లు అని వల్లించిన పెద్దలకు ఇది తెలిసిన దారియే.

బాలకః పఠతి. బాలుడు చదువుచున్నాడు.
గురుః బాలకం పశ్యతి. గురువు బాలుని జూచుచున్నాడు.
గురుః బాలకేన సహ గచ్ఛతి. గురువు బాలునితో గూడ పోవుచున్నాడు.
మాతా బాలకాయ ఫలం యచ్ఛతి. తల్లి బాలునికి పండు నిచ్చుచున్నది.
వృక్షాత్ ఫలం పతతి. చెట్టునుండి పండు పడుచున్నది.
బాలకస్య పుస్తకమ్. బాలుని పుస్తకము.
గృహే దీపః అస్తి. ఇంటిలో దీపమున్నది.
హే బాలక! ఓ బాలుడా!

ఇందు రెండు చోట్ల మన పిల్లలు తడబడుదురు. “రాముడు వనమునకు పోవుచున్నాడు” అని మనము కు వాడుదుము. సంస్కృతమున రామః వనం గచ్ఛతి, ద్వితీయ. రెండవది, “నాకు పుస్తకము కలదు” అనుట. ఇక్కడ మమ పుస్తకమ్ అస్తి, షష్ఠి. ఈ రెండవది వింతగ దోచునుగాని, తెలుగు వ్యాకరణము కి, కు లను షష్ఠిలోనే చేర్చినది. “నాకు కలదు” అని స్వామ్యము చెప్పునప్పుడు మన మాటయు సంస్కృతము త్రోవనే నడచుచున్నది.

వాక్యమును పెంచుటలో రెండు భాషలకు నింకను దగ్గఱితనము కలదు. బాలకః పఠిత్వా క్రీడతి: బాలుడు చదివి ఆడుకొనుచున్నాడు. చదివి, తిని, పోయి యను రూపములకు మన వ్యాకరణము క్త్వార్థకమని పేరు పెట్టినది. పఠిత్వా, ఖాదిత్వా, గత్వా లలోని త్వా యే ఆ పేరునకు మూలము. “అహం గచ్ఛామి” ఇతి రామః వదతి: “నేను పోవుచున్నాను” అని రాముడు పలుకుచున్నాడు. మన “అని” యున్నచోట ఇతి కూర్చుండును. రామః చ లక్ష్మణః చ: రాముడును లక్ష్మణుడును. ఉన్నచోట ఉన్నట్లు మాటకు మాట మార్చిన వాక్యము నిలుచును. ఇంగ్లీషునకు మార్చునప్పుడో, వాక్యమంతయు తలక్రిందులు చేయవలెను.

అంకెలు, అంగడి మాటలు

ఏకమ్, ద్వే, త్రీణి, చత్వారి, పఞ్చ, షట్, సప్త, అష్ట, నవ, దశ. ఇవి పంచాంగమున నున్నవి. పంచమి, షష్ఠి, సప్తమి, అష్టమి, నవమి, దశమి వినని యింటివారు మనలో లేరు. విదియ, తదియ, చవితి యనునవి ద్వితీయా, తృతీయా, చతుర్థీ లకు తద్భవములు. షడ్రసములు ఉగాది పచ్చడిలో, నవధాన్యములు పెండ్లి పాలికలలో నున్నవి.

అంగడి ఆపణః. వర్తకుడు వణిక్. వెల మూల్యమ్. అప్పు ఋణమ్. త్రాసు తులా, మన తులము బంగార మను మాటకు తల్లి యదియే. వడ్డి యను మాట వృద్ధి నుండి ప్రాకృతము మీదుగ వచ్చినది. శెట్టి యనునది శ్రేష్ఠి నుండి అట్లే వచ్చినది. శర్కరా మన చక్కెర, గోధూమః మన గోధుమ. బియ్యము తణ్డులాః, ఎల్లప్పుడు బహువచనముననే వాడుక.

ఆపణే తణ్డులాః సన్తి. అంగడిలో బియ్యమున్నవి.
లవణం నాస్తి. ఉప్పు లేదు.
మూల్యం కిమ్? వెల యేమి?
తైలమ్ ఆనయ. నూనె తెమ్ము.

తైలమను మాట నొక్కసారి విప్పి చూడుడు. నువ్వులు సంస్కృతమున తిలాః. తిలలనుండి వచ్చినది తైలమ్. తెలుగున నువ్వు, నెయ్యి కలిసి నూనె. తమిళమున ఎళ్ అనగా నువ్వు, నెయ్ కలిసి ఎణ్ణెయ్. మూడు భాషలును మొదట నూనె యన్న నువ్వులనూనెనే తలచినవి. నేడు వేరుసెనగది, కొబ్బరిది అన్నియు ఆ పేరనే అమ్ముచున్నాము. గానుగ పట్టినవారికి, కొట్టు నడపువారికి ఇంతకంటె రుచియైన భాషాపాఠ ముండునా?

ఒకే మాట, వేఱు అర్థము

ఇంతవఱకు తెలుగు సహాయమును జెప్పితిమి. ఇక తెలుగు మోసగించు చోట్లు చెప్పవలెను. తెలిసిన మాటయని ధీమాతో పోయినవాడు ఇచ్చటనే పడును.

తెలుగున అవసరము అక్కఱ. సంస్కృతమున అవసరః తఱి, అదను. తెలుగున ఆగ్రహము కోపము. సంస్కృతమున పట్టుదల. మనకు అనుమానము సందేహము. తర్కశాస్త్రమున అనుమానమ్ పొగను జూచి నిప్పున్నదని నిశ్చయించు జ్ఞానము, అనగా సందేహమునకు దూరమైనది. మనకు విచారము దుఃఖము. అక్కడ ఆలోచన. మనకు అభిమానము ప్రేమ, ఆదరము. అక్కడ అహంకారము. మనకు శిక్ష దండన. అక్కడ శిక్షా నేర్పుట, నేర్చుకొనుట. మనకు మర్యాద గౌరవము. అక్కడ మొదటి యర్థము పొలిమేర, హద్దు. మనకు ఉద్యోగము కొలువు. అక్కడ ప్రయత్నము.

మనకు వ్యవసాయము సేద్యము. అక్కడ నిశ్చయము, పూనిక. భగవద్గీతలో ఆ మాట వచ్చినచోట పొలమును, నాగలిని తలచుకొన్న అర్థము చెడిపోవును. వ్యాపారః అన్నను అక్కడ పని, చేష్ట యనియే. మనము చేయు వర్తకమునకు సరియైన మాట వాణిజ్యమ్.

ఈ పట్టికను పిల్లలు పుస్తకము చివర వేఱుగ వ్రాసికొనవలెను. తెలుగు మాటలు తప్పు గావు. సంస్కృతమునుండి వచ్చి మన యిండ్లలో వందల యేండ్లు కాపురముండి మన బుద్ధులు నేర్చినవి. పుట్టింట నొక పేరు, మెట్టినింట నొక పేరు గల కోడలివలె రెండు అర్థములును సత్యములే. ఎక్కడ నే పేరున బిలువవలెనో తెలిసియుండవలెను.

లిపి సంగతి

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. తెలుగే చేజారుచుండగా సంస్కృత మెందుకు?

సంస్కృతమునకు తనదని యొక లిపి లేదు. కాశ్మీరమున శారదలో, వంగమున వంగలిపిలో, ఈ తమిళసీమలో గ్రంథలిపిలో, మనవారు తెలుగు లిపిలో దానిని వ్రాసికొనిరి. నేడు దేవనాగరి యచ్చు అధికమైనను, చెన్నపట్టణమున 1854లో వెలసిన వావిళ్లవారి ముద్రణాలయము తెలుగక్షరములలో సంస్కృత గ్రంథములనేకము లచ్చొత్తినది. తెలుగు చదివినవానికి సంస్కృతము కొఱకు వేఱొక లిపి విధిగాదు.

మన పిల్లలు బడిలో తమిళలిపి నేర్చుచున్నారు. అది ఆ భాషకు చక్కగ చాలిన లిపి. క, ఖ, గ, ఘ లకు అందొకటే యక్షరము. అందుచే సంస్కృతపు మాటలను ఆ లిపిలో వ్రాసిన కథయు గదయు నొకే తీరున నుండును, ఫలమును బలమును నొకే తీరున నుండును. సంస్కృత ధ్వనులన్నిటిని విడదీసి చూపుటకు తెలుగు లిపిలో ఏ కొఱతయు లేదు. పిల్లవానికి సంస్కృతముపై నాసక్తి కలిగిన, ఒత్తక్షరములతో గూడిన తెలుగు లిపి వానికి పనిముట్టగును. పనిముట్టు వాడుకలో నున్నంతకాలము త్రుప్పు పట్టదు. ఈ తరగతి యొక్క గుట్టు ఇదియే: వాకిట సంస్కృతమని వ్రాసియున్నను, లోన నడచు చేయి తెలుగు వ్రాతది.

ఉచ్చారణ యొక్కటి మాత్రము కనిపెట్టవలెను. ఫలమ్ అనుటలో ఫ ను పెదవులు మూసి ప కు ఒత్తిచ్చి పలుకవలెను, ఇంగ్లీషు ధ్వని తేరాదు. శ, ష, స లు మూడు వేఱు. ఎ, ఒ అను హ్రస్వములు మనకు గలవు, సంస్కృతమున లేవు.

కొందఱు తెలుగు సంస్కృతమునుండి పుట్టినదందురు. అట్లు గాదు. చెన్నపట్టణమున దొరతనమున పనిచేసిన ఎల్లిస్ దొర 1816లో కాంబెల్ గారి తెలుగు వ్యాకరణమునకు వ్రాసిన పీఠికలో, తెలుగునకు తమిళ కన్నడములతో పుట్టుక సంబంధమున్నదని నిరూపించెను. తల, కన్ను, నీరు, మూడు అను మాటలను పొరుగింటి తమిళముతో పోల్చి చూచిన పిల్లవానికే తెలియును. మన ఇంటిమాటలు తమిళమునకు తోబుట్టువులు. మన పుస్తకపు మాటలనేకములు సంస్కృతపు టెరవులు. ఈ రెంటి నడుమ నిలిచిన మన పిల్లలకు రెండు భాషలును దగ్గఱివే. అన్నము పెట్టిన తమిళమును తక్కువ చేయుటకు గాని, తల్లి తెలుగును చిన్నబుచ్చుటకు గాని ఈ తరగతి పెట్టలేదు.

సంస్కృతము ఒక తెగవారి సొత్తను మాటయు మన చరిత్రకు చెల్లదు. ఈ కావేరి యొడ్డున తంజావూరు రఘునాథనాయకుని కొలువులో రామభద్రాంబ సంస్కృతమున ఆయన చరిత్రను కావ్యముగ వ్రాసినది. మధురవాణి ఆయన తెలుగు రామాయణమును సంస్కృతమునకు మార్చినది. ఇరువురును స్త్రీలు. తిరువయ్యారున త్యాగరాజస్వామి పంచరత్నములలో మొదటిది సంస్కృతము, కడమ నాలుగును తెలుగు. ఒకే నోట రెండు భాషలును నడచిన నేల యిది. కావున ఈ గదిలో కులము, ఆడు మగ భేదము లేక అందఱికిని పలక పట్టు హక్కున్నది.

ఏర్పాటు

ఇక తల్లుల ప్రశ్న: బరువు. వారమునకు నాలుగు దినములు, సాయంకాలము ఆఱు మొదలు ఏడు వఱకు. మొదటి అరగంట తెలుగు చదువు, వ్రాత. రెండవ అరగంట తెలుగు లిపిలో సంస్కృతము. దినమున కైదు మాటలు, రెండు వాక్యములు. నలుబది వారములకు ఎనిమిది వందల మాటలగును. వానిలో పెక్కు తెలుగువాడు విన్నవే. రుసుము లేదు. పరీక్షలో మార్కులు తెచ్చుటకు ఉద్దేశించినది కాదు గనుక భయమును లేదు.

సంగతి యెంతవఱకు వచ్చినదో దాచక చెప్పుకొందము. 1956లో రాజ్యాంగమున చేరిన 350 ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు తొలి చదువు మాతృభాషలో దొరకునట్లు చూడుమని రాష్ట్రములకు చెప్పినది. తమిళనాట 2006లో చేసిన చట్టముచే తమిళము ఒకటవ తరగతి మొదలు క్రమముగ విధిపాఠ్యమైనది. మన హక్కులకై సంఘము విన్నపములు చేయుచుండును, అది వేఱు పని. కాని విన్నపమునకు ఉత్తరము వచ్చులోపల పిల్లవాడు ఏడు తరగతులు దాటిపోవును. మన పిల్లలలో పెక్కుమంది ఇంట తెలుగు పలుకుదురు, తాతగారి చిట్టా పుస్తకము చదువలేరు. అందెవరి కెంత ఋణమున్నదో, ఏ గుడికి ఎన్ని బస్తాలు ముట్టినవో, ఏ దాయాది ఏ యూరికి పోయెనో యంతయు తెలుగున నున్నది. ఆ పుస్తకములను చదువగలవారు నేడింకను ఉన్నారు. వారున్నపుడే నేర్పు జరుగవలెను. పిమ్మట ఆ కాగితములు చెదలకే యక్కఱకు వచ్చును.

కావున మూడు మనవులు. మొదటిది, ప్రతి యింటినుండి ఒక పిల్లవాడో పిల్లయో రావలెను. కనీస మిరువదిమంది చేరకున్న తరగతి నిలువదని ఉపాధ్యాయులు చెప్పినారు. రెండవది, తెలుగు వ్రాత వచ్చిన పెద్దలు, ముఖ్యముగ అవ్వలు, వారమున కొకదినము వచ్చి పిల్లల వ్రాతపుస్తకములు చూడవలెను. మూడవది వర్తక సోదరులకు: ఆ నాలుగు దినములు సాయంకాలము పిల్లవానిని అంగడి గల్లాకడ కూర్చుండబెట్టకుడు. ఒక గంట బేరము పోయిన మఱునాడు వచ్చును. చదువవలసిన యీడు తిరిగి రాదు.

నలుబది వారముల తరువాత పరీక్ష యొకటి పెట్టుదుము. ప్రతి పిల్లవాడును ఒక శుభలేఖను తప్పు లేక చదువవలెను, పెద్దమ్మకో మేనమామకో తెలుగున నొక ఉత్తరము వ్రాయవలెను, సంస్కృతమున తన్ను గూర్చి పది వాక్యములు చెప్పవలెను. అవి ఎట్లుండునో చిరంజీవులకు ఇప్పుడే చూపుదుము. తమతమ పేళ్లు చేర్చుకొని ఈ రాత్రియే వల్లింపవచ్చును.

మమ నామ గోపాలః. అహం బాలకః. ఏషః మమ జనకః. ఏషా మమ జననీ. అహం పాఠశాలాం గచ్ఛామి. తత్ర పుస్తకం పఠామి. సాయం గృహమ్ ఆగచ్ఛామి. ఫలం ఖాదామి. దుగ్ధం పిబామి. గురుం నమామి.

 ద్వారముకడ పేళ్లు వ్రాయు పుస్తక మున్నది. పిల్లవాని పేరును తెలుగుననే వ్రాయించి వెళ్లుడు.